అంతర్జాలము – ప్రజాజీవితము

ప్రజాజీవితమనగా నేమి? ఒకరి ఇంటి గోడల నడుమ ముగిసిపోక, ఊరివారి కందరికిని సంబంధించిన మాటల మొత్తము, పనుల మొత్తమే ప్రజాజీవితము. గ్రామసభలో జరుగు చర్చ, సంతలో వినవచ్చు వార్త, పత్రికలో అచ్చగు లేఖ, ఎన్నికలలో వేయు ఓటు – ఇవన్నియు దాని అంగములు. ఒక సమాజమున వార్త ఏ దారిని పోవునో, దానినిబట్టియే ఆ సమాజపు తీర్పులు నుండును. దారి చెడినచో మంచివారును చెడుతీర్పు చేయుదురు.

మన కోరాపుట్, రాయగడ జిల్లాలలో వార్తకు పూర్వమునుండి యున్న దారి సంత. బుధవారమునాడు చాటికోన సంతకు నియమగిరి నుండి డోంగ్రియా కోదులు పసుపు, అల్లము, అరటి, అనాస పండ్లు తెత్తురు. గురువారమునాడు ఒనకుడెల్లి సంతకు బోండాలు దిగివత్తురు. సరుకుతోపాటు మాటయు అచ్చట చేతులు మారును. ఇక ఊరిలో టముకు వేసినపుడు, దానిని కొట్టువాడెవడో, ఎవరి ఆజ్ఞపై కొట్టుచున్నాడో అందరికిని తెలియును. చెప్పినది తప్పైనచో మరునాడు వానిని నిలదీయవచ్చును.

నేడు ఈ సంతకు, ఈ టముకుకు తోడుగా మరియొక దారి ఏర్పడినది. అదియే అంతర్జాలము. జిల్లా దాటిన మాట, దేశము దాటిన దృశ్యము క్షణములో చేతిలోని ఫోనులోనికి వచ్చుచున్నది. ఇంటిలో తెలుగు, కచేరీలో ఒడియా, కొండమీద కువి, సవర, దేశియా పలుకులు వినవచ్చు ఈ సీమకు ఆ క్రొత్తదారి ఎట్టి మేలు చేయుచున్నది, ఎట్టి కీడు తెచ్చుచున్నది అను విషయమును మేమీ పాఠమున విచారింప దలచితిమి. విచారణకై రెండు ప్రశ్నలను చేతబట్టుకొందము. ఈ మాటకు బాధ్యులెవరు? తప్పైనచో దిద్దుటకు దారి యున్నదా?

1. రెండు సాధనములు

అంతర్జాలములోని సాధనములు పెక్కు గలవు. అందు ప్రజాజీవితముపై మిక్కిలి ప్రభావము చూపునవి రెండు. ఒకటి వీడియో, అనగా కదలు బొమ్మ. రెండవది సహరచన, అనగా పలువురు కూడి ఒకే పుటను వ్రాయుట, దిద్దుట.

వీడియోలను ఎవరైనను ఎక్కించుటకు, ఎవరైనను చూచుటకు వీలుగా 2005లో అమెరికాలో ముగ్గురు యువకులు యూట్యూబును నెలకొల్పిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన ఎక్కిన మొదటి వీడియో 19 సెకనులది మాత్రమే; ఒక జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట నిలిచి ఒక యువకుడు రెండు మాటలు చెప్పుటయే అందలి విషయము. మరుసటి సంవత్సరమే గూగుల్ సంస్థ దానిని కొనెను. మన దేశమున 2016 తరువాత ఫోనులో అంతర్జాలమునకు అగు వెల మిక్కిలి తగ్గుటతో, పట్టణములకే పరిమితమైన ఈ వేడుక పల్లెలకును ప్రాకెను.

సహరచనకు మూలమైన సాధనము పేరు వికీ. హవాయి ద్వీపవాసుల భాషలో ఆ మాటకు 'త్వరగా' అని యర్థము. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను నాతడు మొదటి వికీని అంతర్జాలములో నుంచెను. 2001 జనవరి 15వ తేదీన ఆ పద్ధతిపైననే వికీపీడియా అను విజ్ఞానసర్వస్వము ఆంగ్లమున ఆరంభమయ్యెను. ఒడియా వికీపీడియా 2002 జూన్‌లో, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో, సంతాలీ వికీపీడియా 2018 ఆగస్టులో వెలసెను.

ఈ రెండింటికిని ఒక ముఖ్యమైన భేదము గలదు. వీడియో చూచువాని కంటికి, హృదయమునకు తిన్నగా తగులును; చదువురాని వానికిని అర్థమగును. సహరచన నెమ్మదిగా నడచును. చదివి, తరచి, దిద్దువానిని కోరును. ఈ భేదము మనస్సున నుంచుకొని ఉదాహరణములను పరిశీలింతము.

2. నియమగిరి చెప్పిన మాట

రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దున నియమగిరి కొండలు గలవు. అచ్చట నివసించు డోంగ్రియా కోదులు ఆ కొండను నియమరాజు అను దైవముగా కొలుతురు. ఆ కొండపై బాక్సైటు గని త్రవ్వవలెనని వేదాంత సంస్థయు, ఒడిశా గనుల సంస్థయు తలపెట్టినవి. కోదులు ఒప్పుకొనలేదు. వారి భాష కువి. ఆ భాష భువనేశ్వరములో తెలిసినవారు అరుదు. ఢిల్లీలో అంతకంటె అరుదు. గని సంస్థలో ధనము పెట్టినవారున్న లండనులో నెవరికి తెలియును?

2009లో సర్వైవల్ ఇంటర్నేషనల్ అను లండను సంఘమువారు ఈ విషయమై ఒక చిన్న చిత్రమును తీసి అంతర్జాలమున నుంచిరి. అందు కోదులు తమ పలుకులోనే తమ మాట చెప్పిరి. క్రింద ఆంగ్లమున అర్థము వ్రాయబడెను. కొండ దిగి పది మైళ్ళు నడచినచో వినువారు లేని మాట, సముద్రము దాటి వినబడెను. గని సంస్థవారును ఊరకుండలేదు. తాము చేయు మేళ్ళను చూపు చిత్రములను 2012లో దేశమంతట ప్రచారము చేసిరి. దానికి ప్రతిగా మరికొందరు మరల చిత్రములు తీసిరి. ఇట్లు ఒక కొండ సంగతి లోకము నెదుట వాదోపవాదములకు గురియయ్యెను.

అయినను తీర్పు చెప్పినది వీడియో కాదు. 2013 ఏప్రిల్ 18వ తేదీన సుప్రీముకోర్టు, ఆ కొండవాసుల మతసంస్కృతుల హక్కులను గూర్చి గ్రామసభలే విచారింపవలెనని ఆజ్ఞాపించెను. రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తము 12 పల్లెలలో సభలు జరిగెను. జూలై 18న సెర్కపడిలో మొదలై, ఆగస్టు 19న జరపలో ముగిసిన ఆ సభలకు జిల్లా న్యాయమూర్తులు పరిశీలకులుగా వచ్చిరి. పండ్రెండు పల్లెలును గని వలదనెను. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆ గనికి అనుమతి నిరాకరించెను.

ఇందు మనము గ్రహింపదగినవి రెండు. వీడియో మాటను మోసికొనిపోగలదు. కాని నిర్ణయము చేయవలసినది సభ. సభలో నిలిచి మాటలాడినవాడు తన ఊరి పేరు చెప్పును, పుస్తకములో చేవ్రాలో వ్రేలిముద్రయో వేయును. ఆ బాధ్యతయే ఆ మాటకు బలము నిచ్చినది. ఇక రెండవది: ఆ చిత్రమును తీసినవారు ఒక పక్షము వహించిన సంఘమువారు; దానికి బదులు చెప్పినది లాభము కోరు సంస్థ. ఇరువురును తమ పేళ్ళు దాచుకొనలేదు. కావున చూచువాడు ఇరువురి మాటను తూచి చూడ గలిగెను. చిత్రము కదిలించినంత మాత్రమున నమ్మక, తీసినవారెవరని యడుగుట విద్యార్థి మొదట నేర్వవలసిన పని.

3. పేరులేని టముకు

ఇదే సాధనము మరియొకచోట ఎట్టి ఘోరము చేసెనో చూడుడు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారని దేశమంతట ఫోనులలో వదంతి వ్యాపించెను. ఆ దినములలో చేతులు మారిన వీడియోలలో ఒకటి ఇట్టిది: వీధిలో పిల్లలు ఆడుకొనుచుందురు; మోటారు సైకిలుపై ఇద్దరు వచ్చి ఒక బాలుని లాగుకొని పోవుదురు. చూచిన తల్లికి గుండె ఆగిపోవును. నిజమునకు అది పాకిస్తానులోని కరాచీ నగరమున, పిల్లల విషయమై జాగ్రత్త వహింపుడని చెప్పుటకు తీసిన ప్రకటన. చివర ఆ ఇద్దరును బాలుని తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక వ్రాసిన అట్టను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించిరి. తోక తెగిన ఆ చిత్రము నిజమైన దొంగతనముగా ఊరూరు తిరిగెను.

ఫలితమేమి? ఆ సంవత్సరము జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా, రైన్‌పాడా గ్రామమున సంతనాడు బిచ్చమెత్తుకొనుటకై వచ్చిన సంచారజాతివారు ఐదుగురిని, పిల్లల దొంగలని తలచి, జనులు కొట్టి చంపిరి. వారు దొంగలు కారు. చంపినవారును అంతకు ముందురోజు వరకు మనవంటి రైతులు, కూలీలే.

ఆ సంవత్సరము జూలైలోనే వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ చేసెను. అది కొంత మేలే. కాని యంత్రము వేయు కట్టు మనస్సునకు కట్టు కాజాలదు. రైన్‌పాడా సంతను మన చాటికోన సంతగా, మన గుణుపురపు బజారుగా ఊహించి చూడుడు. భాష తెలియని క్రొత్తవారు మన సంతలకు రాని వారము గలదా? ఇచ్చట కొండవారికి మైదానపువారి మాట తెలియదు. మైదానపువారికి కొండమాట తెలియదు. ఇన్ని భాషలున్నచోట తప్పు వార్త మరింత అపాయకరము. ఏలయన, అనుమానింపబడిన వానికి తన మాట చెప్పుకొనుటకు భాషయే యుండదు.

టముకువాని పేరు మనకు తెలియును. ఈ వీడియోకు పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. నిలదీయుటకు మనిషి లేడు. మన మొదటి ప్రశ్నకు జవాబు లేని వార్త ఇది.

ఇట్టి వార్త అంత వేగముగా పోవుటకు ఒక కారణము సాధనములోనే యున్నది. వీడియో సంస్థల ఆదాయము ప్రకటనలపై నాధారపడును. చూచువాడు ఎంత ఎక్కువసేపు తెరకు అతుక్కొనియున్న అంత లాభము. 2012లో యూట్యూబువారు, ఒక చిత్రము ఎన్నిమార్లు తెరువబడెనను లెక్కకంటె ఎంతసేపు చూడబడెనను లెక్కకు ఎక్కువ విలువ నిచ్చిరి. మనిషిని పట్టి నిలుపునవి భయము, కోపము, వింత. కావున యంత్రము వానినే ముందుకు తెచ్చి పెట్టుచుండును. దానికి మనపై పగ లేదు, ప్రేమయు లేదు; లెక్క మాత్రమే కలదు.

4. పలువురు కూడి వ్రాయు గ్రంథము

ఇక సహరచనకు వత్తము. తెలుగున విజ్ఞానసర్వస్వము వెలయింపవలెనని కొమర్రాజు లక్ష్మణరావుగారు ఇరువదవ శతాబ్ది తొలి దశకములలోనే మహాప్రయత్నము చేసిరి. మూడు సంపుటములు వెలువడునప్పటికి 'అ' అను అక్షరము దాటలేదు. 1923లో వారు దివంగతులైరి. ఒక మహాపండితుడు, ఆయనకు తోడుగా కొందరు పండితులు – అంతటి కార్యమునకు ఆ చేతులు చాలలేదు.

2003లో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియాను ఆరంభించినపుడు తెలుగు అక్షరములను కంప్యూటరులో వ్రాయుటయే కష్టముగా నుండెను. వీవెన్ అను నాతడు రూపొందించిన 'లేఖిని' వంటి ఉపకరణములు వచ్చినపిదప వ్రాయువారు పెరిగిరి. నేడు అందు లక్షకు మించిన వ్యాసములు గలవు. వ్రాసినవారిలో ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధులు ఉన్నారు. ఎవరికిని కూలి లేదు.

అందరును వ్రాయగలిగినచో తప్పులు రావా యని మీరడుగవచ్చును. వచ్చును, వచ్చుచున్నవి. కాని ప్రతి పుటకును 'చరిత్ర' అను మరియొక పుట గలదు. ఏ దినమున, ఏ గంటకు, ఏ పేరుగలవారు ఏ మాటను చేర్చిరో, ఏ మాటను తీసివేసిరో అందు కనబడును. తప్పు చేసినచో మరియొకరు దానిని తొలగించి పూర్వరూపము నిలుపగలరు. 'చర్చ' అను వేరొక పుటలో వాదములు నడచును. వ్రాసినదానికి ఆధారమేమని అడుగు ఆచారము గలదు. మన రెండు ప్రశ్నలకును ఇచ్చట జవాబు దొరకుచున్నది: బాధ్యులు కనబడుచున్నారు, దిద్దుటకు దారియు నున్నది.

లోపములును చెప్పవలెను. వ్రాయువారు లేనిచోట ఈ గ్రంథము మూగది. తెలుగు వికీపీడియాలో వేలకొలది గ్రామములకు పుటలు గలవు. అవి ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల గ్రామములవి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనపుడు మన ప్రాంతము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి కోరాపుట్ జిల్లా అయ్యెను. 1992 అక్టోబరు 2న అందుండి రాయగడ వేరు జిల్లా అయ్యెను. గీత మారినది గాని ఇండ్లు మారలేదు. గీతకు ఈవలనున్న మన తెలుగు పల్లెల సంగతి ఆవలివారికి తెలియదు. ఒడియాలో వ్రాయువారికి మన తెలుగిండ్ల సంగతి అంతగా పట్టదు. మనము వ్రాయనిచో వ్రాయువారు లేరు.

అయితే, ఆధారము కావలెనందురు గదా, అచ్చు పుస్తకములు లేని పల్లెకు ఆధార మెక్కడిది? ఈ ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. 2011లో అచల్ ప్రభలగారు 'పీపుల్ ఆర్ నాలెడ్జ్' అను చిత్రమును తీసి, భారతదేశమునందును దక్షిణాఫ్రికాయందును పల్లెవారి ఆటలను, పనులను, వంటలను వారి నోటనే చెప్పించి, ఆ నోటిమాటను ఆధారముగా తీసికొనరాదా యని చర్చకు పెట్టిరి. ఇచ్చట వీడియోయు సహరచనయు చేతులు కలిపినవి. పేరు, ఊరు, తేదీ కలిగిన వీడియో సాక్ష్యమగును. అవి లేని వీడియో వదంతి యగును. మన బడిపత్రికయు ఇట్టి ఆధారమే. నేడు ఇందు మీరు మీ ఊరి చెరువును గూర్చి తెలిసికొని వ్రాసి అచ్చు వేసినచో, రేపు దానిని చూపి మరియొకరు వ్రాయుటకు వీలగును.

5. మన పలుకు, పొరుగు పలుకు

మన తెలుగులో ఒడియా మాటలు కలిసియుండునని, యాస వేరని, కోస్తా జిల్లాలకు పోయినపుడు కొందరు నవ్వుదురు. యాసను గూర్చి సిగ్గుపడ నక్కరలేదని వీడియో కొంతవరకు నిరూపించినది. తెలంగాణమున జగిత్యాల ప్రాంతపు లంబాడిపల్లిలో 2012లో ఆరంభమైన 'మై విలేజ్ షో'లో, పొలము పనులు చేసికొని బ్రతికిన గంగవ్వగారు తన ఊరి మాటలోనే మాటలాడి లక్షల మంది అభిమానము చూరగొనిరి. సినిమాలలో హాస్యమునకు మాత్రమే వాడబడిన యాస సొంత గౌరవముతో వినబడెను. ఇది చిన్న మార్పు కాదు. తన పలుకులో మాటలాడుటకు వెరవనివాడే సభలోను లేచి మాటలాడగలడు.

మన పలుకునకు మనము కోరు గౌరవమును పొరుగు పలుకునకును ఈయవలెను. ఇందు మనకు మార్గదర్శి గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరలతో కలిసిమెలిసి వారి భాష నేర్చి, వారి పిల్లలకు వాచకములు వ్రాసిరి. వారి సవరభాషా వ్యాకరణ గ్రంథము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడెను. ఒక మాట పలుకుబడి సరిగా పట్టుకొనుటకు ఆయన ఎన్నిమార్లు విని యుందురో ఊహింపుడు. నేడు ఆ పలుకును నిమిషములో ఫోనులో పట్టి నిలుపవచ్చును. సాధనము మన చేతనున్నది. కావలసినది ఆయన ఓర్పు, ఆయన మర్యాద.

మర్యాద యనుట ఏల? సంతకు వచ్చిన బోండా స్త్రీని, కోదు స్త్రీని అడుగక ఫోనుతో చిత్రించి, వింతగా లోకమునకు చూపువారు గలరు. అట్టి వీడియోలో వారు మాటలాడరు, చూడబడుదురు మాత్రమే. నియమగిరి చిత్రములో కోదులు మాటలాడిరి. రెండింటికిని ఎంత భేదమో గమనింపుడు.

6. అందనివారు

ఈ మేళ్ళన్నియు అందరికిని అందుచున్నవా? అందుట లేదు. మన కొండపల్లెలలో పెక్కింట ఫోనుకు సంకేతము చిక్కుట కష్టము. వ్యాధి కారణమున బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి మారిన 2021లో, మన రాయగడ జిల్లాలోనే ఒక బాలుడు సంకేతమునకై కొండయెక్కి, జారిపడి మరణించెను. పాఠము వినుటకై పిల్లవాడు ప్రాణము నీయవలసిన స్థితిని ప్రగతి యనరాదు. దారి వేయువారు అందరికిని వేయవలెను. అది వేయబడువరకు, అంతర్జాలములో వినబడినదియే ప్రజల మాట యని మనము తలపరాదు. వినబడని పల్లెలు చాల గలవు.

7. విద్యార్థుల కర్తవ్యము

పై విచారణవలన తేలిన నియమములను మేము క్లుప్తముగా చెప్పుచున్నాము.

ఒక వీడియో చేతికి వచ్చినపుడు నాలుగు ప్రశ్నలు వేయుడు: తీసినదెవరు? ఎక్కడ? ఎప్పుడు? ముందు వెనుకల నేమి కత్తిరింపబడినది? జవాబు దొరకనిచో పంపకుడు. పంపకుండుటయు ఒక ప్రజాసేవయే.

ఇంటిలో అవ్వ, తాత ఫోనులోనిది చూచి భయపడినచో పరిహసింపక, ప్రక్కన కూర్చుండి నిజము తెలిసికొని చెప్పుడు. ఒడియా వార్తను తెలుగులోనికి, తెలుగు వార్తను ఒడియాలోనికి మార్చి చెప్పగలవారు మీరు. రెండు భాషలు తెలిసినవాడు వదంతికి అడ్డుకట్ట కాగలడు.

వికీపీడియాలో ఒక పుట చదివినపుడు దాని చరిత్రను, చర్చను కూడ తెరచి చూడుడు. తప్పు కనబడినచో ఆధారముతో దిద్దుడు. మీ ఊరి పేరు, చెరువు, పండుగ, పంట, పాతబడి – వీనిని గూర్చి పెద్దల నడిగి వ్రాయుడు. వారి అనుమతితో వారి మాటను పట్టి నిలుపుడు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పక చేర్చుడు.

గ్రామసభ జరుగునపుడు ఫోను జేబులో పెట్టి ఒక మూల కూర్చుండి వినుడు. ప్రజాజీవితము మొదట నేర్వదగిన చోటు అదియే. అచ్చట మాట చెప్పువాని ముఖము కనబడును. తప్పైనచో అప్పుడే ఎవరైనను లేచి కాదనగలరు. అంతర్జాలమునందును అట్టి సభామర్యాదను నిలుపుట మీ తరమువారి భారము.

అభ్యాసము

1. టముకునకును, పేరులేని వీడియోకును గల భేదమును వివరింపుడు.
2. నియమగిరి విషయమున వీడియో చేసిన పని యేది? గ్రామసభ చేసిన పని యేది?
3. వికీపీడియాలో 'చరిత్ర' పుటవలన ప్రయోజనమేమి?
4. మీ ఇంటిలోని ఒక పెద్దను అడిగి, మీ ఊరిని గూర్చి ఒక పుట వ్రాయుడు. చెప్పినవారి పేరును, తేదీని చేర్చుడు.
5. గడచిన వారములో మీ ఇంటి ఫోనునకు వచ్చిన ఒక వీడియోను తీసికొని, పై నాలుగు ప్రశ్నలకు జవాబులు వెదకుడు.